విశ్వములో గెలాక్సుల గుంపులు – వానిని లెక్కించినవారి చరిత్ర

ఏ గ్రంథాలయమునకైనను పుస్తకము లెంత ముఖ్యమో, పుస్తకముల పట్టికయు నంత ముఖ్యము. పట్టిక లేనిచో వేయి పుస్తకములున్నను కావలసినది చేతికి రాదు. ఏ విషయమునకు గ్రంథములు పుష్కలముగా నున్నవో, ఏ విషయమునకు కొఱతగా నున్నవో తెలిసికొనుటకు పట్టికయే ఆధారము. ఆకాశమును గూర్చిన విజ్ఞానమునకును ఇదే నియమము. విశ్వమున పదార్థము గొర్రుతో విత్తిన చేనివలె అంతటను ఒక్కతీరుగా నున్నదా, లేక గుంపులు గట్టి యున్నదా, గుంపులు గట్టినచో ఎందుచేత గట్టినది అను ప్రశ్నలకు సమాధానము, రెండు శతాబ్దములకు పైబడి అనేకులు ఓపికతో వ్రాసిన పట్టికలనుండి లభించినది. ఆకాశపు పట్టికలు వ్రాసినవారిలో హైదరాబాదు వేధశాలవారు కలరు. గెలాక్సుల గుంపులకు తరగతు లేర్పరచినవారిలో తెలుగు ఇంటిపేరుగల శాస్త్రజ్ఞు డొకడు కలడు. ఆ చరిత్రను మన గ్రంథాలయ పాఠకులకు క్లుప్తముగా విన్నవించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

గెలాక్సి యనగా నేమి?

వేసవికాలపు అమావాస్యనాడు నడిరాత్రివేళ మిద్దెపై పరుండి ఆకాశమును చూచినవారికి పాలపుంత క్రొత్తది కాదు. తెల్లని పొగవలె ఆకాశమున అడ్డముగా సాగిపోవు ఆ చార నిజమునకు నక్షత్రముల రాశి. పదివేల కోట్లకు తక్కువగాని నక్షత్రములు పరస్పరాకర్షణచే కట్టువడి, చక్రాకారమున తిరుగుచున్నవి. మన సూర్యుడు వానిలో నొకడు. ఇట్టి నక్షత్రరాజ్యమునకే గెలాక్సి యని పేరు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ వేగమున ఒక సంవత్సరకాలములో పోయిన దూరమును కాంతిసంవత్సరమందురు. మన గెలాక్సిని ఈ కొసనుండి ఆ కొసకు దాటుటకు కాంతికే సుమారు 1 లక్ష సంవత్సరములు పట్టును.

మన గెలాక్సి యొక్కటియే విశ్వము కాదు. కార్తికమాసపు చీకటి రాత్రులందు ఉత్తరాభాద్ర నక్షత్రమునకు ఉత్తరముగా ఒక మసక మచ్చ కంటికి లీలగా కనబడును. అది ఆండ్రోమెడా గెలాక్సి. దాని దూరము 25 లక్షల కాంతిసంవత్సరములు. మనము నేడు చూచు దాని వెలుగు, మానవజాతి నేటి రూపమును పొందకమునుపే అచ్చటనుండి బయలుదేరినది. ఆ గెలాక్సియు, మన గెలాక్సియు, వాని చుట్టునుగల పదులకొలది చిన్న గెలాక్సులును కలిసి ఒక చిన్న గుంపు. విశ్వమున ఇట్టి గుంపులును, వీనికంటె వేయిరెట్లు పెద్దవైన గుంపులును అసంఖ్యాకముగా నున్నవి.

తొలి పట్టికలు

18వ శతాబ్దమున ఫ్రాన్సుదేశములో చార్లెస్ మెస్సియే అను ఖగోళజ్ఞుడు తోకచుక్కలను వెదకుటలో తన కాలమును గడపెను. తోకచుక్కవలె మసకగా నగుపడియు, చోటు మారక నిలిచియుండు మచ్చలు ఆయనకు పదేపదే అడ్డు తగులుచుండెను. మరల మరల భ్రమపడకుండుటకై వాని నన్నిటిని ఆయన పట్టికగా వ్రాసెను. 1781లో ముగిసిన ఆ పట్టికలో 103 మచ్చలు కలవు. పెక్కు మచ్చలు కన్యారాశి ప్రాంతముననే గుమికూడి యుండుట ఆయన దృష్టికి వచ్చెను. తోకచుక్కలకొఱకు బయలుదేరినవాడు తెలియకయే గెలాక్సుల గుంపును కనుగొనెను.

తరువాత ఇంగ్లండులో విలియం హెర్షెల్, ఆయన సోదరి కరోలిన్ హెర్షెల్, 1783 మొదలుకొని సుమారు ఇరువది సంవత్సరములు ఆకాశమును భాగభాగములుగా పరిశీలించి, 2,500 మచ్చల జాబితాను సిద్ధము చేసిరి. అన్న దూరదర్శినికడ నిలిచి చెప్పుచుండ, చెల్లెలు దీపపు వెలుతురున వ్రాసికొనుచుండెను. మరునాడు లెక్కలు సరిచూచి శుభ్రప్రతి వ్రాయుట ఆమె పని. ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికాకు పోయి దక్షిణాకాశమునుగూడ చూచి వచ్చెను. వీరందరి పట్టికలను కూర్చి, డ్రెయర్ అను పండితుడు 1888లో 7,840 వస్తువులతో ఒక మహాపట్టికను ప్రకటించెను. నేటికిని ఖగోళజ్ఞులు గెలాక్సులను ఆ సంఖ్యలతోనే పిలుచుచున్నారు. ఐనను ఆ మచ్చలు మన పాలపుంతలోని మేఘములో, దానికి వెలుపలనున్న వేఱు నక్షత్రరాజ్యములో ఆనాడు ఎవ్వరును నిశ్చయింపజాలకపోయిరి.

హైదరాబాదు వేధశాల

పందొమ్మిదవ శతాబ్దము చివర ఛాయాచిత్రము ఖగోళశాస్త్రమున ప్రవేశించెను. 1887లో పారిసు నగరమున వివిధ దేశముల ఖగోళజ్ఞులు సమావేశమై, ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి, నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక వేయవలెనని నిర్ణయించిరి. రెవిన్యూవారు గ్రామమును సర్వే చేసి పొలములకు నంబర్లు వేసినట్లు, ఆకాశమును పట్టీలు పట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాల కప్పగించిరి.

ఈ మహాకార్యమున మన దేశమునుండి పాల్గొన్నది హైదరాబాదు. నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు ఖగోళశాస్త్రమునం దభిరుచి గలవాడు. ఆయన ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్ బండలో వేధశాలను స్థాపించెను. దానికి నిజామియా వేధశాల యని పేరు. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట వేధశాల బేగంపేటకు మారెను. ఛాట్‌వుడ్ ఆరంభించిన ఆకాశపు సర్వేను పోకాక్ ముందుకు సాగించెను. 1918లో ఆయన మరణింపగా భాస్కరశాస్త్రి బాధ్యత వహించి, దీర్ఘకాలము శ్రమించి పని పూర్తిచేయించెను. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరెను.

ఖగోళమధ్యరేఖకు దక్షిణముగా 17 డిగ్రీలనుండి 23 డిగ్రీలవరకు గల పట్టీ హైదరాబాదు వంతు. జర్మనీలోని పోట్స్‌డాం వేధశాలవారు ముగింపలేకపోయిన ఉత్తరపు పట్టీలో కొంత భాగమునుగూడ హైదరాబాదువారు తమమీద వేసికొనిరి. పని యెట్టిదో ఆలోచింపుడు. గాజుపలకపై ఆకాశము ముద్రపడును. ఆ పలకపై చిన్న చిన్న గళ్లు గీయబడి యుండును. ఒక్కొక్క చుక్కను సూక్ష్మదర్శినిలో చూచి, గడిగీతనుండి అది ఎంత దూరమున నున్నదో కొలిచి, అంకె వ్రాయవలెను. ఇట్లు లక్షలకొలది చుక్కలను కొలిచి 12 సంపుటములుగా అచ్చువేసిరి. ఈ పనిలో ఒక్కనాటి కీర్తియు లేదు. పత్రికలలో పేరు పడదు.

ఇది గెలాక్సుల పట్టిక కాదు, నక్షత్రముల పట్టిక. ఐనను దాని విలువను కాలము ఋజువు చేసెను. 1989లో యూరపు దేశములవారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి నక్షత్రముల స్థానములను మరల కొలిచిరి. కొంతకాలము గడచిన పిమ్మట నక్షత్రము ఎంత కదలినదో తెలియవలెనన్న, పాత కొలత యొకటి యుండవలెను గదా! హైదరాబాదు మొదలైన వేధశాలల పాత కొలతలను క్రొత్త కొలతలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రముల చలనములను తెలుపు పట్టికను ప్రకటించిరి. ఎనుబదియేండ్లు మూలబడియున్న అంకెలు ఆనాడు ప్రాణము పోసికొనెను.

దూరము తెలిసిన తరువాత

1923లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా మచ్చలో ఒకవిధమైన నక్షత్రమును కనుగొనెను. అట్టి నక్షత్రముల వెలుగు క్రమముగా హెచ్చుచు తగ్గుచుండును. హెచ్చుతగ్గుల కాలమునుబట్టి వాని నిజమైన ప్రకాశమును, దానినుండి దూరమును లెక్కింపవచ్చును. లెక్కింపగా ఆ మచ్చ పాలపుంతకు ఎంతయో వెలుపల నున్నదని తేలెను. అంతట డ్రెయర్ పట్టికలోని వేలకొలది మచ్చలు వేలకొలది గెలాక్సులుగా మారెను. గెలాక్సులు దూరమైనకొలది హెచ్చు వేగముతో మననుండి తొలగిపోవుచున్నవని 1929లో హబుల్ ప్రకటించెను. విశ్వము విస్తరించుచున్నదను భావమునకు ఇది పునాది.

1932లో షేప్లీ, ఏమ్స్ అను ఇరువురు ప్రకాశవంతమైన 1,249 గెలాక్సుల పట్టికను ప్రకటించిరి. ఉత్తరాకాశమున గెలాక్సులు హెచ్చు, దక్షిణాకాశమున తక్కువ యని అందు స్పష్టమయ్యెను. ఉత్తరఫల్గుణీ నక్షత్రమునకు తూర్పున, కన్యారాశిలో, మెస్సియే చూచిన గుంపు 5 కోట్ల కాంతిసంవత్సరములకు పైబడిన దూరమున నున్న గెలాక్సుల గుచ్ఛమని తేలెను. దానికి ఉత్తరముగా, ఇంకను దూరమున, సుమారు 32 కోట్ల కాంతిసంవత్సరముల కావల, కోమా గుచ్ఛము కలదు. అందు వేయికి మించిన గెలాక్సులున్నవి.

ఈ కోమా గుచ్ఛమే ఒక గొప్ప చిక్కును తెచ్చిపెట్టెను. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు అందలి గెలాక్సుల వేగములను పరిశీలించెను. అవి సెకనుకు వేయి కిలోమీటర్ల ప్రమాణములో ఇటునటు పరుగిడుచున్నవి. జొన్నచేనిలో పిట్టలను తోలువాడు వడిసెలలో రాయిని పెట్టి త్రిప్పునప్పుడు, ఎంత వేగముగా త్రిప్పిన అంత బలమైన త్రాడు కావలెను. త్రాడు బలహీనమైనచో తెగి రాయి ఎగిరిపోవును. గెలాక్సులను గుచ్ఛములో పట్టియుంచు త్రాడు గురుత్వాకర్షణ. ఆ త్రాటి బలము గుచ్ఛములోని మొత్తము ద్రవ్యరాశినిబట్టి యుండును. కనబడు వెలుగునుబట్టి ద్రవ్యరాశిని అంచనా వేయగా, కావలసిన దానిలో 400వ వంతైనను లేదని జ్వికీ లెక్కకు వచ్చెను. గెలాక్సుల దూరములు తరువాత సవరింపబడుటచే ఆ నిష్పత్తి తగ్గినది. కాని చిక్కు మాత్రము తొలగలేదు. కనబడని ద్రవ్యమేదియో ఆ గుచ్ఛమును పట్టియుంచుచున్నదని ఆయన చెప్పిన మాట నలువది సంవత్సరముల వరకు పెద్దగా ఎవరి చెవికిని ఎక్కలేదు.

గుంపులకు తరగతులు

1940ల చివర కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో షేన్, విర్టనెన్ అనువారు ఛాయాచిత్రపు పలకలపై గెలాక్సులను కంటితో చూచి ఒక్కొక్కటిగా లెక్కపెట్ట నారంభించిరి. 1967లో ఫలితములు ప్రకటితమగునప్పటికి వారి లెక్క దాదాపు పది లక్షలకు చేరెను. ఆ లెక్కలను పటముగా గీయగా, ఆకాశమున అంతటను సన్నని జాలెలును, ముడులును, ఖాళీలును కనబడెను. అదే కాలమున జార్జి ఏబెల్ అను యువకుడు పాలొమార్ పర్వతముపై తీసిన పలకలను పరీక్షించి, 1958లో 2,712 గెలాక్సీ గుచ్ఛముల జాబితాను ప్రకటించెను. నిర్ణీత ప్రకాశములోపల కనీసము 50 గెలాక్సులున్నగాని ఆయన దానిని పట్టికలో చేర్చలేదు. ఇట్టి కఠిన నియమ ముండుటచేతనే అది నేటికిని ప్రమాణముగా నిలిచినది.

పుస్తకములను పట్టిక వేసినంతమాత్రమున చాలదు; వానిని శాస్త్రమువారీగా వర్గీకరింపవలెను. గుచ్ఛములకు ఆ పని చేసినవారిలో గుమ్ములూరు ఎన్. శాస్త్రి ముఖ్యుడు. గుమ్ములూరు అను ఇంటిపేరు తెలుగునాట వాడుకలోనిది. ఆయన 1968లో అమెరికాలోని పసిఫిక్ ఖగోళ సంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. కొన్ని గుచ్ఛముల నడుమ ఇతర గెలాక్సులన్నిటికంటె మిక్కిలి పెద్దదైన ఒక మహాగెలాక్సి యుండును. అది కోలగా నుండును. ఆ కోలతనము ఏ దిక్కునకు సాగియున్నదో, గుచ్ఛమంతయు నించుమించు అదే దిక్కునకు సాగియుండునని శాస్త్రి చూపెను. గుచ్ఛము విస్తీర్ణము లక్షలకొలది కాంతిసంవత్సరములు. అంత పెద్ద గుంపునకును, దాని నడిమి గెలాక్సికిని ఒకే దిశ యుండుట కాకతాళీయము కాజాలదు. ఆ గెలాక్సియు, ఆ గుచ్ఛమును ఒకే విధముగా, ఒకే మార్గమున వచ్చిపడిన పదార్థముచే పెరిగినవని దాని తాత్పర్యము. తరువాత 1982లో బింగెలి అను శాస్త్రజ్ఞుడు, ఇరుగుపొరుగు గుచ్ఛములుకూడ ఒకదానివైపు మరియొకటి చూచుచు సాగియుండు నని గమనించుటతో ఈ భావము బలపడెను.

1971లో హెర్బర్ట్ రూడ్‌తో కలిసి శాస్త్రి గుచ్ఛములకు ఆరు తరగతు లేర్పరచెను. నడుమ ఒకే మహాగెలాక్సి గలవి ఒక తరగతి. జంట గెలాక్సులు ప్రధానముగా గలవి రెండవ తరగతి. కోమా ఇందు చేరినది. ప్రధాన గెలాక్సులు వరుస దీరినవి మూడవది. నడుమ కొన్ని గెలాక్సులు ముద్దగా చేరినవి నాల్గవది. చదునుగా పరచుకొన్నవి అయిదవది. ఏ క్రమమును లేనివి ఆఱవది. ఈ వర్గీకరణమును ఖగోళజ్ఞులు నేటికిని రూడ్–శాస్త్రి వర్గీకరణ మని వ్యవహరింతురు. తెలుగు ఇంటిపేరుగల ఒకని పేరు విశ్వములోని గెలాక్సీ గుచ్ఛములకు తరగతి పేరుగా నిలిచినదను సంగతి మన పాఠ్యపుస్తకములకు ఎక్కదగినది.

అదే దశకమున హైదరాబాదులోను గెలాక్సుల విషయమై శ్రద్ధ పెరిగెను. 1964లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఖగోళశాఖ ఉన్నత అధ్యయనకేంద్రమయ్యెను. 1968లో నగరమునకు ఆగ్నేయమున జాపాల్–రంగాపూర్ గ్రామములకడ 48 అంగుళముల దూరదర్శిని నెలకొల్పబడెను. ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సాలె మహమ్మద్ అల్లాదీన్ గెలాక్సులు ఒకదాని నొకటి ఢీకొనినపుడు ఏమగునని గణితముచే పరిశోధించెను. షికాగో విశ్వవిద్యాలయమున ఆరంభించిన ఈ పరిశోధనపై ఆయన వ్యాసము 1965లో అమెరికా ఖగోళభౌతిక పత్రికలో వెలువడెను. ఢీకొనుట యనగా నక్షత్రములు తాకుట కాదు. నక్షత్రములమధ్య దూరము అత్యధికమగుటచే రెండు గెలాక్సులు ఒకదానిలోనుండి మరియొకటి దూరిపోవును. కాని చంద్రుని ఆకర్షణచే సముద్రము పొంగినట్లు, ఒక గెలాక్సి ఆకర్షణచే మరియొకదానిలోని నక్షత్రములు చెదరును. గెలాక్సుల పరుగులోని శక్తి నక్షత్రముల కదలికలోనికి మారును. పరుగు మందగించును. కొన్ని విడిపోవును, కొన్ని కలిసి ఒకటియగును. గెలాక్సులు కిక్కిరిసిన గుచ్ఛములలో చిన్న గెలాక్సులు తగ్గి, నడుమ మహాగెలాక్సి పెరుగుటకు ఇట్టి కలయికలే ముఖ్యకారణము. శాస్త్రి కంటితో చూచినదానికి అల్లాదీన్ లెక్కలు లోపలి కారణమును వెదకినవి.

మూడవ కొలత

అంతవరకు పట్టికలన్నియు ఆకాశమును గోడపై పటమువలె చూపినవి. ఏది ముందున్నదో, ఏది వెనుకనున్నదో తెలియదు. గెలాక్సి వెలుగును పట్టకముచే విడదీసి చూచినచో, అందలి గీతలు ఎఱుపువైపునకు జరిగియుండును. ఎంత జరిగిన అంత దూరము. ఈ కొలతను ఒక్కొక్క గెలాక్సికి తీయుట మొదట చాల శ్రమతో కూడినది. 1978లో గ్రెగరీ, థామ్సన్ అనువారు కోమా గుచ్ఛము చుట్టుపట్ల కొలిచి, గుచ్ఛముల నడుమ పెద్ద శూన్యప్రదేశములున్నవని కనుగొనిరి. 1981లో స్వాతీ నక్షత్రముగల రాశివైపు మిక్కిలి పెద్ద శూన్యమొకటి బయటపడెను. 1986లో హార్వర్డులోని డి లపరాఁ, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా సుమారు 1,100 గెలాక్సుల దూరములను కొలిచి పటము గీయగా, గెలాక్సులు సబ్బునురగలోని బుడగల గోడలపై నున్నట్లు కనబడెను. బుడగలలోపల దాదాపు ఖాళీ.

ఇది మనకు వింతగా తోచనక్కఱలేదు. మన సీమలో గ్రామములు అంతట సమముగా నున్నవా? ఏరు పారుచోట, చెరువు నిలుచుచోట, బాటలు కలియుచోట ఊళ్లు చేరినవి. నడుమ మైళ్లకొలది చేలు, గుట్టలు. నీరు గ్రామములను చేర్చినట్లు, గురుత్వాకర్షణ గెలాక్సులను చేర్చినది.

తరువాతి పనికి యంత్రములు తోడ్పడెను. 1997 మొదలు 2002 వరకు ఆస్ట్రేలియాలో జరిగిన సర్వే 2 లక్షలకు పైగా గెలాక్సుల దూరములను కొలిచెను. 2000లో న్యూమెక్సికోలో ఆరంభమైన స్లోన్ సర్వే దానిని మించెను. 2021లో ఆరిజోనాలో ఆరంభమైన మరియొక సర్వేలో 5,000 చిన్న యంత్రబాహువులు ఒకేమారు 5,000 గెలాక్సుల వెలుగును పట్టుకొనును. అది కొలిచినవి కోటికి మించినవి.

కనబడని ద్రవ్యరాశి

జ్వికీ చెప్పిన కనబడని ద్రవ్యము మాట ఏమాయెను? 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనువారు ఆండ్రోమెడా గెలాక్సి అంచులయందలి పదార్థము అనుకొన్నదానికంటె వేగముగా తిరుగుచున్నదని చూపిరి. అదే సంవత్సరము డిసెంబరులో ప్రయోగింపబడిన ఉహూరూ ఉపగ్రహము, గుచ్ఛములనుండి ఎక్స్-కిరణములు వచ్చుచున్నవని తెలిపెను. గుచ్ఛములలో కోట్ల డిగ్రీల వేడిగల వాయువు నిండియున్నది. ఆ వాయువు ద్రవ్యరాశి నక్షత్రముల మొత్తముకంటె కొన్ని రెట్లు అధికము. ఐనను అదియు చాలలేదు.

రాత్రివేళ కొండపైనుండి ఊరిని చూచి, దీపములను లెక్కించి జనసంఖ్యను చెప్పబూనినవాడు పొరబడును. దీపములేని ఇండ్లలోను మనుష్యులుందురు. వెలుగు ఒకటి, బరువు ఒకటి. విశ్వమునందును అంతే. బరువును నేరుగా తూచు త్రాసు ఐన్‌స్టైన్ సిద్ధాంతమువలన లభించెను. బరువైన గుచ్ఛము ప్రక్కగా పోవు వెలుగు వంగును. వెనుకనున్న గెలాక్సుల రూపము వంకరపోయి కనబడును. ఆ వంకరనుబట్టి ముందున్న ద్రవ్యరాశిని లెక్కింపవచ్చును. 2006లో, ఒకదానిలోనుండి మరియొకటి దూసికొనిపోయిన రెండు గుచ్ఛములను ఇట్లు తూచిరి. వాయువు నడుమ ఢీకొని వెనుకబడినది. బరువులో ఎక్కువపాలు మాత్రము వాయువుతో ఆగక గెలాక్సులతో ముందుకు పోయినది. కనబడని ద్రవ్యము వాయువు కాదని, అది దేనిని తాకినను ఆగదని దీనివలన దృఢమయ్యెను.

ప్లాంక్ ఉపగ్రహపు కొలతలనుబట్టి విశ్వములోని మొత్తములో మనము, నేల, నీరు, సూర్యచంద్రులు, నక్షత్రములు చేయబడిన పదార్థము 100లో సుమారు 5 వంతులు. కృష్ణద్రవ్యము 27 వంతులు. మిగిలినది విశ్వవిస్తరణమును త్వరపెట్టు కృష్ణశక్తి. కృష్ణద్రవ్యపు కణమును నేటివరకు ఏ ప్రయోగశాలయు పట్టలేదు.

గుంపు లేల గట్టినవి?

విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. అది పుట్టిన 3,80,000 సంవత్సరముల కాలపు వెలుగు నేటికిని ఆకాశమంతట నిండియున్నది. 1965లో దానిని కనుగొనిరి. అది అన్ని దిక్కుల ఒక్కతీరుగానే యుండెను. 1992లో కోబే ఉపగ్రహము అందు లక్షలో ఒక వంతు ప్రమాణమున హెచ్చుతగ్గు లున్నవని తెలిపెను. గుంపులన్నిటికిని బీజములు ఆ హెచ్చుతగ్గులే.

వానకు చేనిలో అరంగుళము పల్లమున్నచోటికి నీరు జారును. జారిన నీరు మట్టిని కోసి పల్లమును లోతుచేయును. లోతైనకొలది మరింత నీరు చేరును. కాలువలు వంకలో, వంకలు వాగులో, వాగులు ఏటిలో కలియును. పదార్థమును అట్లే కొంచెము హెచ్చుగా నున్నచోటికి చేరి, చేరినకొలది ఆకర్షణ పెరిగి, మరింత పదార్థమును లాగెను. ముందు కృష్ణద్రవ్యము చేరెను. దాని పల్లములలోనికి వాయువు జారి నక్షత్రములుగా వెలిగెను. చిన్న గెలాక్సులు ముందు, గుచ్ఛములు తరువాత, మహాగుచ్ఛములు అన్నిటికంటె తరువాత ఏర్పడినవి.

పాపాఘ్ని, పెన్న రెండును కర్ణాటకములోని నందికొండల ప్రాంతమున పుట్టి, వేఱువేఱు దారుల నడచి, మన కమలాపురముకడ కలియుచున్నవి. ఏ చినుకు ఏ ఏటికి చేరునో నేల వాలు చెప్పును. 2014లో బ్రెంట్ టల్లీ మున్నగు శాస్త్రజ్ఞులు ఇదే పద్ధతిని గెలాక్సుల కన్వయించిరి. ఏ గెలాక్సి ఎటు జారుచున్నదో కొలిచి, ఒకేవైపునకు జారు గెలాక్సుల పరివాహప్రదేశమునకు ఎల్ల గీసిరి. మన గెలాక్సి చేరిన ఆ ప్రదేశము అడ్డుకొలత సుమారు 52 కోట్ల కాంతిసంవత్సరములు. దానికి వారు హవాయి భాషలో లనియాకియా యని పేరు పెట్టిరి. విశాలమైన ఆకాశ మని దాని యర్థము.

సరస్వతి

2017లో పూనాలోని ఖగోళ సంస్థకు చెందిన జయదీప్ బాగ్చీ, శిశిర్ సాంఖ్యాయన్, సోమక్ రాయ్‌చౌధురి మున్నగువారు మీనరాశివైపు, 400 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున, ఒక మహాగుచ్ఛమును కనుగొనిరి. దానికి సరస్వతి యని నామకరణము చేసిరి. అందు 43 గుచ్ఛములు కలవు. దాని పొడవు సుమారు 60 కోట్ల కాంతిసంవత్సరములు. ద్రవ్యరాశి 200 కోట్ల కోట్ల సూర్యులతో సమానము. వీరు వాడినది స్లోన్ సర్వేవారు లోకమున కుచితముగా నిచ్చిన పట్టిక. సరస్వతికి గుండెవంటి గుచ్ఛము, ఏబెల్ 1958లో ప్రకటించిన జాబితాలోని 2,631వ గుచ్ఛమే. అరువది సంవత్సరములు ఆ సంఖ్య పట్టికలో నుండెను. అది ఎంత పెద్ద కుటుంబమునకు పెద్దయో ఇతర పట్టికలతో చేర్చి చదివినపుడుగాని తెలియలేదు.

గ్రంథాలయమును నడుపువారికి ఇందొక నీతి కలదు. నేడు మనము ఓపికతో వ్రాసి, చెదలు పట్టకుండ దాచి, అడిగినవారికి కాదనక చూపు పట్టిక రేపు ఎవరికి ఏ వెలుగు నిచ్చునో ఊహింపలేము. భాస్కరశాస్త్రి ఆధ్వర్యవమున హైదరాబాదులో చుక్కలను కొలిచినవారికి హిప్పార్కస్ ఉపగ్రహము తెలియదు. ఏబెలుకు సరస్వతి తెలియదు. తెలియకపోయినను అంకె తప్పుగా వ్రాయలేదు. అదియే వారి ఘనత.

ఇంకొక మాట. హైదరాబాదు వంటి మహానగరముల ఆకాశము నేడు దీపకాంతిచే వెలవెలబోయినది. మన ప్రాంతమున ఊరి దీపములకు కొంత దూరము నడచినచో నక్షత్రములు ఇంకను కనబడును. కార్తికములో ఆండ్రోమెడాను, చైత్రవైశాఖములలో కన్యారాశిని పిల్లలకు చూపుడు. గుచ్ఛములు కంటికి కనబడకపోవచ్చును. అవి ఉన్న దిక్కు తెలియుటయు జ్ఞానమే. ఆ దిక్కు చూచిన పిల్లవాడు మరునాడు గ్రంథాలయమునకు వచ్చి ఖగోళశాస్త్ర గ్రంథము కావలెనని అడిగినచో, పట్టికలో దానికొక సంఖ్యయు, అలమరలో దానికొక చోటును సిద్ధముగా నుండుగాక యని ఆశించుచున్నాను.